ముధోల్ హౌండ్‌ను ఫ్లాట్‌లో పెంచవచ్చా: మా తొమ్మిదేళ్ళ అనుభవం

హైదరాబాద్‌లో రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఉంటూ, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ, ముధోల్ హౌండ్ అనే వేటకుక్క జాతి పిల్లను తెచ్చుకోవచ్చా అని మీరు అడిగారు. నేను కర్నూలులో తొమ్మిదేళ్ళుగా ఒక మగ ముధోల్‌ను పెంచుతున్నాను. పేరు భైరవ. వాడి మొదటి మూడేళ్ళు రెండో అంతస్తులోని అద్దె వాటాలోనే గడిచాయి. ఇల్లు చిన్నదైనందువల్ల వాడికి ఏనాడూ ఇబ్బంది కలగలేదు. ఇబ్బంది వచ్చినప్పుడల్లా, పరుగు కోసమే రూపుదిద్దుకున్న ఆ శరీరం తీరు నాకు గానీ, చూసిన వైద్యుడికి గానీ తెలియకపోవడం వల్లనే వచ్చింది. అందుచేత గదుల కొలతలు పక్కన పెట్టి, ఆ శరీరం గురించే వివరంగా రాస్తాను.

ఇంట్లో ఈ జాతి కుక్క చాలా నెమ్మదిగా ఉంటుంది. భుజం దగ్గర డెబ్బై సెంటీమీటర్ల ఎత్తు, ఇరవై ఆరు కిలోల బరువు ఉన్న భైరవ పగలంతా ఒక మూల ముడుచుకొని పడుకుంటాడు; అనవసరంగా మొరగడు. ఒంటి మీద కొవ్వు లేదు కాబట్టి ఉత్త గచ్చు మీద పడుకుంటే మోచేతుల దగ్గర కాయలు కాస్తాయి. మందమైన బొంత తప్పనిసరి. తెలియనివారు మీద చేయి వేస్తే బిగుసుకుపోయి దూరంగా జరుగుతాడు. దాన్ని పొగరు అనుకోకూడదు, వచ్చినవారిని కాసేపు పట్టించుకోవద్దని కోరితే తానే దగ్గరికి వస్తాడు.

గుమ్మం దాటాక మాత్రం తాడే వాడి ప్రాణం. ఇవి వాసన పట్టి కాక, చూపుతో వేటాడే జాగిలాలు. వాడికి ఏడాది వయసున్నప్పుడు, ఒక తెల్లవారుజామున తుంగభద్ర ఒడ్డున నడుస్తుండగా జిల్లేడు పొదల్లో ఒక కుందేలు కదిలింది. భైరవ నిలబడిపోయాడు, మెడ నిక్కింది, చెవులు లేచాయి, వెన్ను విల్లులా బిగిసింది. నేను పేరు పెట్టి పిలిచేలోపే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఈ జాతికి తల సన్నం, మెడ లావు. మామూలు మెడపట్టీ తల మీదుగా జారి నా చేతిలో ఖాళీగా మిగిలింది. ఎంత పిలిచినా ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నలభై నిమిషాల తర్వాత హైదరాబాద్ హైవే పక్కన, అరికాళ్ళు చీరుకుపోయి, నాలుక వేలాడేసుకొని కూర్చొని ఉండగా దొరికాడు. పక్కనే లారీలు వెళుతున్నాయి. ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఈ రోజుకీ చేతులు వణుకుతాయి. ఆ మరునాడే లాగితే బిగుసుకునే వెడల్పాటి మార్టింగేల్ పట్టీ తెప్పించాను. అప్పటి నుంచి ప్రహరీ ఉన్న స్థలంలో తప్ప ఎక్కడా తాడు విప్పలేదు. "వేటకుక్కను వేటకు తీసుకెళ్ళకపోతే ఎలా" అని ప్రోత్సహించేవారు మీకూ ఎదురవుతారు. కుందేలు వేట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పైగా కుక్క ప్రాణానికీ ముప్పు. ఆ మాట వినకండి.

చర్మం మరీ పలచన. తోట కంచెకున్న ముళ్ళతీగ తగిలి ఒకసారి వాడి తొడ దగ్గర చర్మం పాత పంచె చిరిగినట్టు జానెడు మేర చీలిపోయింది. వేరే జాతి కుక్కకైతే గీత పడి ఊరుకునే దెబ్బకు, వీడికి పద్నాలుగు కుట్లు పడ్డాయి. కుట్లు వేయాలంటే మత్తు ఇవ్వాలి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇదే. అంతకు రెండేళ్ళ ముందు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసిన ఒక వైద్యుడు ఇది ఏ జాతి అని కూడా అడగకుండా మామూలు పద్ధతిలోనే మత్తు ఇచ్చారు. సాయంత్రానికి లేవవలసినవాడు మర్నాటి ఉదయం దాకా నిలబడలేకపోయాడు. ఒళ్ళు చల్లబడిపోయింది. రాత్రంతా దుప్పట్లు కప్పి, వేడినీళ్ళ సీసాలు పక్కన పెట్టుకొని కూర్చున్నాం. గ్రేహౌండ్ వంటి జాగిలాల్లో థయోపెంటాల్ వంటి మత్తుమందులను కాలేయం నెమ్మదిగా విరుస్తుందనీ, ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి మందు రక్తంలోనే ఎక్కువసేపు నిలుస్తుందనీ, శరీరం వేడిని కూడా త్వరగా కోల్పోతుందనీ నాకు తర్వాత తెలిసింది. కుట్లు వేసిన వైద్యురాలు ముందే జాతి అడిగి, తగిన మందు ఎంచుకొని, వాడు కళ్ళు తెరిచేదాకా ఒంటి వేడి చూస్తూనే ఉన్నారు. రెండు గంటల్లో నడిచి ఇంటికి వచ్చాడు.

రక్తపరీక్షల విషయంలోనూ ఇటువంటి మెలిక ఉంది. పరుగు జాగిలాల్లో ఎర్రకణాల వాటా, అంటే రిపోర్టులో పీసీవీ అని రాసేది, మిగతా కుక్కల కన్నా ఎక్కువగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో భైరవకు 56 ఉండేది. పిడుదుల వల్ల జ్వరం వచ్చి తిండి మానేసినప్పుడు 38 వచ్చింది. ల్యాబ్ కాగితం ప్రకారం అది సాధారణ పరిధిలోనిదే. పాత రిపోర్టు చేతిలో ఉండబట్టి, ఎంత రక్తం తగ్గిందో వైద్యురాలు వెంటనే గుర్తించి చికిత్స మొదలుపెట్టారు. మీరు కూడా కుక్కకు ఏడాదిన్నర వయసులో, ఏ జబ్బూ లేనప్పుడు, ఒకసారి పరీక్ష చేయించి ఆ కాగితం దాచుకోండి. మన ప్రాంతంలో పిడుదుల మందు ఏ నెలలోనూ ఆపకూడదు.

ఇక తిండి. "మీరు వాడికి కడుపునిండా పెట్టడం లేదా" అని వీధిలో అడగనివారు లేరు. ఆ మాటకు నొచ్చుకొని నేను కూడా మొదట్లో నెయ్యి అన్నం అదనంగా పెట్టాను. బరువు పెరిగి పరుగులో కాలు బెణికింది. చివరి రెండు మూడు పక్కటెముకలు, తుంటి ఎముకల కొనలు పైకి కనబడటం వీటికి సహజం. వెన్నుపూసలన్నీ వరుసగా లెక్కపెట్టగలిగితేనే తిండి చాలడం లేదని అర్థం. పెరుగన్నం ఒక్కటే సరిపోదు. మేము ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, కొంచెం రాగి సంగటి రెండు పూటలుగా పెడతాం. ఛాతీ లోతుగా ఉండే కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంటుంది కాబట్టి తిండికి ముందూ వెనుకా గంటసేపు పరుగు పెట్టించం. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే డోకుతూ అటూ ఇటూ తిరుగుతుంటే అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

వేసవిలో సూర్యుడు పైకి రాకముందే నడక ముగించాలి. చలికాలంలో పలచని చొక్కా తొడగాలి.

పిల్ల ఎక్కడ దొరుకుతుందనీ అడిగారు. ముందు ఒక గందరగోళం తీరుస్తాను: ఈ ముధోల్ మన నిర్మల్ జిల్లాలోని ముధోల్ కాదు, కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లాలోనిది. అక్కడి సంస్థానాధీశుడు మాలోజీరావు ఘోర్పడే చేరదీసి నిలబెట్టిన జాతి ఇది. 2005లో దీని పేర తపాలా బిళ్ళ వచ్చింది, 2016లో మీరట్‌లో ఈ కుక్కలకు సైనిక శిక్షణ మొదలైంది. ఆ పట్టణానికి దగ్గరలోని తిమ్మాపురలో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయం నడిపే పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ వాకబు చేయండి, తల్లిని చూడకుండా ఆన్‌లైన్‌లో డబ్బు కట్టకండి.

మీ విషయంలో నాకున్న సందేహం ఫ్లాట్ గురించి కాదు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా తాళం వేసి ఉండే ఇంట్లో ఈ కుక్క కుంగిపోతుంది. మా ఇంట్లో అమ్మ ఊరెళ్ళిన పది రోజులు భైరవ గుమ్మం దగ్గరే పడుకొని సగం తిండి వదిలేసేవాడు. మీలో ఒకరికి వారంలో ఎక్కువ రోజులు ఇంటి నుంచి పనిచేసే వీలుంటే, తెల్లవారకముందే లేచి గంటసేపు నడిపించగలిగితే నిశ్చింతగా తెచ్చుకోండి. తెచ్చుకునే ముందు మీ దగ్గరలో ప్రహరీ ఉన్న మైదానం ఏదైనా ఉందేమో చూసుకోండి, మీ పశువైద్యుడు ఇటువంటి జాగిలాలకు మత్తు ఇచ్చి ఉన్నారో లేదో అడిగి తెలుసుకోండి.