ముందు పరిగెలను వెతుకు

తాటిపూడి,
విజయనగరం జిల్లా

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

టెక్సాస్‌లో ఆరు ఆదివారాలు రిజర్వాయరు గట్టున నిలబడినా ఒక్క బాస్ చేప కూడా గాలానికి తగలలేదని రాశావు. ఇంకా ఖరీదైన గాలం కొననా అని అడిగావు. కొనవద్దు. ముందు ఆ నీటిలో బాస్ ఏం తిని బతుకుతోందో కనుక్కో.

మత్స్యశాఖలో చేరిన కొత్తలో నేనూ గోస్తని మీద కట్టిన ఈ జలాశయంలో వాలుగ చేప కోసం మూడు రోజులు ఒకే చెట్టు కింద కూర్చున్నాను. నీడ బాగుందని తప్ప మరో కారణం లేదు. నాలుగో రోజు అవతలి పాయలో నీటికాకులు మునిగి లేస్తుంటే అటు నడిచాను. పెద్ద చినుకులు పడ్డట్టు పరిగెలనే చిన్న చేపలు నీటి మీదికి ఎగురుతున్నాయి, కింద వాలుగ తరుముతోంది. పొద్దెక్కకముందే రెండు దొరికాయి.

మీ దగ్గర పరిగెల్లా పెద్ద చేపకు తిండి అయ్యేది షాడ్ అనే చేప. అందులో రెండు రకాలను గుర్తుపట్టడం నేర్చుకో. థ్రెడ్‌ఫిన్ షాడ్ జానెడుకు మించదు కాబట్టి పెద్ద బాస్ నోటికి ఎప్పుడూ సరిపోతుంది. కాని చలికి ఓర్వలేదు. నీరు 7 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి దిగితే గుంపులు గుంపులుగా చస్తుంది. గిజ్జర్డ్ షాడ్ మొండిఘటం. అడుగుకు పైగా పెరిగి, కొన్నాళ్లకు చాలా బాస్‌ల నోట పట్టదు. అంతటితో ఊరుకోదు. అడుగు బురదను తిని, అందులోని భాస్వరాన్ని విసర్జనతో పై నీటిలో కలుపుతుంది. దాంతో నాచు పెరిగి నీరు పచ్చబడుతుంది. పైగా షాడ్ పిల్లలకూ బాస్ పిల్లలకూ మొదట్లో తిండి ఒకటే, నీటిలో తేలే, కంటికి కనీకనబడని జీవాలైన జంతుప్లవకాలు. తల్లికి ఆహారమయ్యే చేపే పిల్ల నోటి ముద్ద లాక్కుంటుందన్నమాట. కనుక నీటి నిండా షాడ్ కనిపించగానే సంబరపడకు. అవి ఏ సైజులో ఉన్నాయో చూడు.

వసంతంలో తెల్లవారుజామున షాడ్ ఒడ్డు రాళ్ల దగ్గర, గడ్డి దగ్గర గుడ్లు పెడుతుంది. అప్పుడు దూరం విసరనక్కర్లేదు. శరదృతువులో గుంపులు పాయల్లోకి చేరతాయి, బాస్ వెనకే వస్తుంది. మన దగ్గర తొలకరి కొత్తనీటికి పరిగెలు ఎదురెక్కడం నువ్వు చిన్నప్పుడు చూసినదే. కొంగలు ఎక్కడ వాలుతున్నాయో గమనించు. వాటికి జీతం ఇవ్వనక్కర్లేదు.

బొమ్మ ఎరను ఆ వారం షాడ్ ఉన్నంత పొడవే కట్టు. రెండంగుళాల పిల్లలను మింగుతున్న బాస్ నీ ఆరంగుళాల రంగుల బొమ్మను ఒక్కోసారి తిరిగి కూడా చూడదు. దొరికిన చేపలన్నీ తల పెద్దదిగా, పొట్ట లోపలికి పోయి ఉంటే ఆ నీటిలో తిండి చాలడం లేదని అర్థం. అక్కడ ఆదివారాలు వృథా చేసుకోకు.

ఎరకు కొన్న బతికున్న చేపలు మిగిలితే మాత్రం జాలిపడి నీటిలో వదలవద్దు. అక్కడ లేని జాతి ఒకటి చేరితే ఇప్పుడు చెప్పిన లెక్కంతా తారుమారవుతుంది.

ఈసారి కూరకు చేప కోస్తే దాని కడుపులో ఏముందో ఫోటో తీసి పంపు. భోజనాల వేళ మాత్రం వద్దు, ఫోను మీ అత్తయ్య చేతిలో ఉంటుంది.

మీ మామయ్య