రాత్రి మటన్ తింటే తెల్లవారేలోపు దద్దుర్లు... గోమారి కాటుతో సంబంధం ఉందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 38. ఉద్యోగరీత్యా అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రం, బెంటన్‌విల్‌లో ఉంటున్నాం. ఈమధ్య రాత్రి మటన్ బిర్యానీ తిని పడుకుంటే అర్ధరాత్రి దాటాక ఒళ్లంతా దద్దుర్లు, అరిచేతుల్లో దురద, కడుపులో మెలిపెట్టే నొప్పితో మెలకువ వస్తోంది. మొన్న అయితే కళ్లు తిరిగి బాత్‌రూమ్‌లో పడబోయాను. చికెన్, చేపలు తిన్న రోజు ఏ ఇబ్బందీ లేదు. చిన్నప్పటి నుంచీ మటన్ తింటున్నవాడినే. మా అమ్మ వేడి చేసిందంటోంది. ఆగస్టులో అడవిలో ట్రెయిల్‌కు వెళ్లొచ్చాక చీలమండల చుట్టూ ఎర్రటి కాట్లు పడి వారాల తరబడి దురద పెట్టాయి. టిక్ (గోమారి) కుట్టినవాళ్లకు మాంసం పడకుండా పోతుందని ఆఫీసులో ఒకరు అన్నారు. నిజమేనా? సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు మటన్ తినవచ్చా?

జవాబు: మీ సహోద్యోగి అనుమానం సరైనదే కావచ్చు. మీరు రాసిన లక్షణాలు ‘ఆల్ఫా-గాల్ సిండ్రోమ్’ అనే అలర్జీకి బాగా సరిపోతున్నాయి. పరీక్షతో నిర్ధారణ అయ్యేవరకు మేక, గొర్రె, గొడ్డు, పంది మాంసాలన్నీ పూర్తిగా మానేయండి. దద్దుర్లతో పాటు కళ్లు తిరగడం అనాఫిలాక్సిస్‌కు, అంటే ప్రాణాపాయం కలిగించగల తీవ్రమైన అలర్జీకి సూచన కాబట్టి, ఇంకోసారి తిని చూద్దామనే ఆలోచన మాత్రం వద్దు. అమ్మగారు చెప్పిన వేడి సంగతికి వస్తే, ఆ లెక్కన మన ఇళ్లలో కోడి మాంసానికే ముందు పేరు. మీకు కోడి పడుతూ మేక మాత్రమే పడకపోవడానికి కారణం వేరే ఉంది.

ఆల్ఫా-గాల్ ఒక రకమైన చక్కెర అణువు. మనుషులు, వాలిడులు (చింపాంజీ, గొరిల్లా వంటి తోకలేని కోతులు), ఆసియా ఆఫ్రికా కోతులు మినహా దాదాపు అన్ని క్షీరదాల శరీరంలోనూ ఇది ఉంటుంది. కోళ్లలో, చేపల్లో ఉండదు. తిన్నంత మాత్రాన ఇది మనకు హాని చేయదు. అయితే కొన్ని జాతుల గోమార్లు (పిడుదులు) కుట్టినప్పుడు వాటి లాలాజలంతో పాటు ఈ అణువు చర్మం గుండా లోపలికి చేరి, రోగనిరోధక వ్యవస్థ దానిపై ఐజీఈ అనే, అలర్జీని కలిగించే యాంటీబాడీలను తయారుచేసేలా రెచ్చగొడుతుంది. ఆ తర్వాత అదే అణువు మాంసం రూపంలో వచ్చినా శరీరం శత్రువుగానే చూస్తుంది. మీరుండే ఓజార్క్ కొండల ప్రాంతంలో ఈ పని చేసేది ప్రధానంగా లోన్ స్టార్ టిక్. పెద్ద ఆడ గోమారి వీపు మీద తెల్లటి చుక్క ఉంటుంది కాబట్టి గుర్తుపట్టవచ్చు. వేసవి చివర్లో తిరిగే దాని పిల్లలు మాత్రం గసగసాల గింజకన్నా చిన్నవి. గుంపుగా కాళ్లకు ఎక్కుతాయి, చాలామంది వాటిని నల్లులనో చిగ్గర్లనో (కుట్టే చిన్న పురుగులు) అనుకుని వదిలేస్తారు. మీ చీలమండల చుట్టూ పడిన కాట్లు వాటివే అయి ఉండవచ్చు.

ఈ జబ్బు పట్టుబడకపోవడానికి ముఖ్య కారణం ఆలస్యం. రొయ్యలో, వేరుశనగలో పడనివారికి నిమిషాల్లో తెలిసిపోతుంది. ఇక్కడ మాత్రం తిన్న 2 నుంచి 6 గంటల తర్వాత లక్షణాలు మొదలవుతాయి. కొవ్వుతో కలిసి ఉన్న ఆల్ఫా-గాల్ నెమ్మదిగా జీర్ణమై రక్తంలోకి చేరడమే ఇందుకు కారణమని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. ఎనిమిదింటికి భోంచేసినవారు ఒంటిగంటకు దద్దుర్లతో లేస్తే, మంచం మీది దుప్పటిని అనుమానిస్తారు తప్ప బిర్యానీని అనుమానించరు. పైగా తిన్న ప్రతిసారీ రాకపోవచ్చు. మద్యం, వ్యాయామం, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు తోడైన రోజున ప్రతిచర్య తీవ్రం కావచ్చు.

అసలు ఇది బయటపడింది క్యాన్సర్ మందు వల్ల. సెటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్‌కు టెనెసీ, నార్త్ కరోలినా, ఆర్కాన్సా వంటి ఆగ్నేయ రాష్ట్రాల రోగులలో మొదటి డోసుకే తీవ్రమైన అలర్జీ వస్తుండేది. బోస్టన్ వైపు అరుదు. ఎలుక కణాలలో తయారయ్యే ఆ మందులో ఆల్ఫా-గాల్ ఉందని, ఆ రోగుల రక్తంలో దానిపై యాంటీబాడీలు ముందే ఉన్నాయని 2008లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ ప్లాట్స్-మిల్స్ బృందం ప్రకటించింది. ప్లాట్స్-మిల్స్‌ను కూడా కొండదారిలో పిల్ల గోమార్లు కుట్టాయి; తర్వాత ఆయన గొర్రె మాంసం తిన్న రాత్రి దద్దుర్లతో నిద్రలేచారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ ప్రాంతంలో కూడా ఇంచుమించు అదే కాలంలో డాక్టర్ షెరిల్ వాన్ న్యూనెన్ గోమారి కాటుకూ మాంసం అలర్జీకీ ఉన్న సంబంధాన్ని గుర్తించారు.

మీరు అలర్జీ నిపుణుడిని కలిసి ‘ఆల్ఫా-గాల్ ఐజీఈ’ రక్తపరీక్ష చేయించుకోండి. మటన్‌తో చేసే చర్మ పరీక్ష ఇందులో అంతగా పనికిరాదు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022లో జరిపిన సర్వేలో 42 శాతం వైద్యసిబ్బంది ఈ జబ్బు పేరే వినలేదని తేలింది. కాబట్టి పరీక్ష పేరును మీరే అడగడానికి మొహమాటపడకండి. మటన్ తిన్న సమయం, దద్దుర్లు వచ్చిన సమయం, గోమార్ల కాట్లు, ఈ మూడూ రాసుకుని వెళ్లండి. అయితే రక్తంలో యాంటీబాడీలు ఉన్నంత మాత్రాన అందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. కాట్లు ఎక్కువగా పడే ప్రాంతాల్లో ఏ ఇబ్బందీ లేనివారికి కూడా ఫలితం పాజిటివ్‌గా రావచ్చు. అందుకే లక్షణాలు లేని మీ ఇంట్లోవాళ్లందరికీ ఈ పరీక్ష చేయించడాన్ని నేను సమర్థించను.

నిర్ధారణ అయితే కోడి, చేప, రొయ్య, గుడ్డు నిశ్చింతగా తినవచ్చు. మూత్రపిండాలు, కొవ్వు మాంసం, పాయా మిగతా మాంసం కంటే ఎక్కువ ప్రమాదకరం. చికెన్ సాసేజ్ పైపొర పంది పేగుదై ఉండవచ్చు. హోటల్లో ఒకే పెనం మీద అన్నీ వేయిస్తారు. పాలు, పెరుగు, నెయ్యి ఎక్కువమందికి పడతాయి, కొందరికి పడవు. ఇప్పటివరకూ పడుతుంటే ముందుజాగ్రత్త పేరుతో మానేయనక్కర్లేదు. గమ్మీ మిఠాయిల్లో, క్యాప్సూల్ పెంకుల్లో ఉండే, పశువుల నుంచి తీసే జెలటిన్ కూడా కొద్దిమందిలో ఇబ్బంది పెడుతుంది కనుక మందుల షాపులోనూ, ఏదైనా ఆపరేషన్‌కు ముందూ ఈ అలర్జీ సంగతి తప్పక చెప్పండి.

ఎపినెఫ్రిన్ ఆటో-ఇంజెక్టర్ (తీవ్రమైన అలర్జీలో మనమే పొడుచుకునే మందు సూది) రాయించుకుని రెండు దగ్గర ఉంచుకోండి. దద్దుర్లతో పాటు ఊపిరాడకపోవడం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం, ఆగని వాంతులు వంటివి కనిపిస్తే తొడ బయటివైపు వెంటనే పొడుచుకుని 911కు ఫోన్ చేయాలి. సెట్రిజిన్ మాత్ర దురదను తగ్గిస్తుందే తప్ప పడిపోతున్న రక్తపోటును ఆపలేదు.

కొత్తగా కాట్లు పడకపోతే కొందరిలో యాంటీబాడీలు కొన్నేళ్లలో తగ్గి, వైద్యుడి పర్యవేక్షణలో మళ్లీ మాంసం తినగలిగిన సందర్భాలున్నాయి. మళ్లీ కుడితే మళ్లీ పెరుగుతాయి. అందువల్ల ట్రెయిల్‌కు వెళ్లేటప్పుడు ప్యాంటు అంచులను సాక్సుల్లోకి దోపుకోండి, బట్టలకు 0.5 శాతం పెర్మెత్రిన్ అనే కీటకనాశిని పట్టించండి, తిరిగొచ్చిన రెండు గంటల్లోపు స్నానం చేసి ఒళ్లు తడిమి చూసుకోండి. పట్టుకున్న గోమారిని సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి నిదానంగా నిటారుగా లాగాలి. కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకూడదు.

ఇక హైదరాబాద్ సంగతి. అలర్జీ మీ రక్తంలో ఉంది, అమెరికా మాంసంలో కాదు. ఇక్కడి మేకలోనూ, హలీంలోనూ అదే ఆల్ఫా-గాల్ ఉంటుంది. పైగా పెళ్లి భోజనాల్లో ఏ గరిటె ఏ గిన్నెలోంచి వచ్చిందో చెప్పలేం. ఇక్కడి మందుల షాపుల్లో ఆటో-ఇంజెక్టర్లు సులభంగా దొరకవు, అందువల్ల ప్రిస్క్రిప్షన్‌తో సహా వాటిని విమానంలో చేతి సంచిలోనే తెచ్చుకోండి. వాటిని ఎలా వాడాలో ఇంట్లో ఒకరికి ముందే చూపించండి.