స్ప్రే తర్వాత కొందువుగానీ, ముందు గాలి చూడు

హనుమకొండ

అల్లుడా,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. విస్కాన్సిన్‌లో నవంబర్ సీజన్‌కి జింక వేట లైసెన్స్ తీసుకున్నావనీ, నీతో పనిచేసే పెద్దాయన తన పొలం చివర అడవిలో చోటు చూపిస్తానన్నాడనీ రాశావు. మనిషి వాసన తెలియకుండా చేసే స్ప్రే, సబ్బు, బొగ్గు పొర ఉన్న సూటు అన్నీ కలిపితే మస్తు డాలర్లు అవుతున్నాయి, కొనాలా వద్దా మామా అని అడిగావు.

జవాబు తర్వాత. ముందు ఒక సంగతి. ఇదే పని నువ్వు మన తాడ్వాయి అడవిలో చేసి ఉంటే నేనే నీ చెయ్యి పట్టుకుని రేంజ్ ఆఫీసుకి తీసుకుపోయేవాణ్ణి. 1972 వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యంలో వేటాడితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. పైగా జింక మన రాష్ట్ర జంతువు. అక్కడి లెక్క వేరు. లక్షల్లో పెరిగిన జింకలు పంటల మీదా రోడ్ల మీదా పడుతుంటే సర్కారే లెక్కపెట్టి పర్మిట్లు ఇస్తుంది. అందుకే నీతో కొట్లాడను. మీ అమ్మకి మాత్రం నేను చెప్పలేదు, నువ్వే చెప్పుకో.

ఇంకోటి. నేను జన్మలో ఒక్క జింకను కొట్టినవాణ్ణి కాదు. అటవీ శాఖలో నా సర్వీసంతా వాటిని లెక్కపెట్టడానికి, వాటిని కొట్టేవాళ్లను పట్టుకోవడానికి సరిపోయింది. ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టే మన దొంగలకి గాలితో, వాసనతో పనే లేదు. రాత్రి తీగ లాగి ఇంటికి పోయి పడుకుంటారు. దాంట్లో జింకే పడుతుందని లేదు, ఎద్దు పడుతుంది, మనిషీ పడతాడు. కాబట్టి వాళ్ల దగ్గర నేర్చుకున్నది ఏమీ లేదు. నాకు తెలిసిందల్లా జింకకు తెలియకుండా దాని దగ్గర కూర్చోవడం ఒక్కటే. నీకు కావలసిందీ అదే అనుకుంటా.

ఇక జవాబు. వాసన ముఖ్యమే, చాలా ముఖ్యం. కానీ దాన్ని కడుక్కుని వదిలించుకోలేవు. అది ఎటు పోతుందో చూసుకోవడం ఒక్కటే నీ చేతిలో ఉంది.

ఇది నాకు రెండు రోజుల్లో తెలిసింది. సర్వీసులో చేరిన కొత్త. ఏటూరునాగారం అడవిలో ఎండాకాలం నీటిగుంటల దగ్గర జంతువులను లెక్కపెడుతున్నాం. పైనుంచి వచ్చిన ఒక పెద్ద ఆఫీసరుతో పాటు నన్ను నల్లమద్ది చెట్టు మీది మంచె ఎక్కించారు. ఆయన కొట్టుకున్న సెంటుకి నాకు తుమ్ములు ఆగట్లేదు, తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నా. ఇక ఈరోజు ఒక్క జంతువూ రాదులే అనుకున్నా. నాలుగున్నరకి చుక్కల దుప్పులు ఏడు వచ్చాయి. పాతిక అడుగుల దూరంలో నీళ్లు తాగాయి, ఒక పిల్ల గుంటలోకి దిగి ఆడుకుంది కూడా. గాలి గుంట మీదుగా మా ముఖం మీదికి కొడుతోంది. ఆ సెంటంతా మా వెనక గుట్టల్లోకి పోయింది.

మర్నాడు నాకు వేరే గుంట. నేనూ, ఒక కోయ వాచర్ తాతా. నిన్నటి సెంటు గుర్తొచ్చి ఆరోజు నేను సబ్బు లేకుండా వాగులో మునిగి, ఉతికిన యూనిఫాం వేసుకుని, బీడీ కూడా మానేసి మహా శుద్ధంగా పోయా. పోయి ఎక్కడ కూర్చున్నా? నీడ ఎక్కడుందో అక్కడ. తాత ఏదో చెప్పబోయాడు, నేను వినలేదు. గాలి నా వీపు మీదుగా గుంట వైపు పోతోంది. ఐదింటికి నూటయాభై అడుగుల అవతల వెదురు పొదల్లో ఒక ఆడ కణుజు, అదే సాంబర్ జింక, ఆగింది. దానికి నేను కనపడే వీలే లేదు. తల ఎత్తింది. చెవులు రెండూ ముందుకి వచ్చాయి. తడి ముక్కు ఒకసారి నాక్కుంది. ముందరికాలు ఒకటి మెల్లగా పైకెత్తి, అలాగే కాసేపు పట్టుకుని, నేల మీద ధబ్బున కొట్టింది. ఆ వెంటనే ఢాంక్ అని అరిచింది, లోయంతా మోగింది. చీకటి పడేదాకా ఆ గుంట దగ్గరికి పిట్ట తప్ప ఏదీ రాలేదు. నా షీటులో ఆ పూట సున్నా. దిగుతుంటే తాత అన్నాడు, "నీకంటే ముందు నీ వాసన పోయి నీళ్లు తాగింది సారూ" అని.

ఎందుకిలా అంటే, మీ తాత కళ్లం గుర్తు తెచ్చుకో. వడ్లు తూర్పారబట్టేటప్పుడు చేటలోంచి వడ్లు కింద పడేవి, పొల్లు గాలికి పోయేది. నువ్వెప్పుడూ పొల్లు పోయే వైపే నిలబడి, ఒళ్లంతా దురదని ఏడుస్తూ ఇంటికొచ్చేవాడివి. మన ఒంటి నుంచి కూడా అలాంటి పొట్టే రాలుతూ ఉంటుంది, కంటికి కనపడదు అంతే. చర్మం మీది సన్నటి పొరలు, వాటి మీద చెమట, ఆ చెమటను తినే సూక్ష్మజీవులు. నోటి నుంచి వచ్చే ఊపిరి సరేసరి. పొద్దున ఎంత రుద్ది స్నానం చేసినా చెట్టు దగ్గరికి నడిచి ఎక్కేసరికి మళ్లీ మొదలు. తూర్పార ఆపలేవు, జింక పొల్లు పడే వైపు లేకుండా చూసుకోగలవు.

గాలి చూడటానికి పౌడర్ డబ్బాలు అమ్ముతారట. అది చేతికి మూరెడు దూరం దాకా గాలి చెబుతుంది, ఆ తర్వాత కనపడదు. మాకు ఆ తాత నేర్పింది జిల్లేడు దూది. ఎండిన జిల్లేడు కాయ పగిలితే లోపల పట్టులాంటి తెల్లటి దూది ఉంటుంది చూడు, గింజ తీసేసి ఒక్క పోగు వదిలితే అది యాభై అరవై అడుగులు కంటికి కనపడుతూ పోతుంది. మీ దగ్గర మిల్క్‌వీడ్ అని రోడ్ల పక్కన ఉంటుంది, అది కూడా జిల్లేడు కుటుంబమే, కాయలో అదే దూది. మంచె మీద కూర్చోగానే ఒక పోగు వదులు. కళ్లతో దాని వెంటే పో. మొదట తిన్నగా పోతుంది, ఒక చెట్టు దాటాక పైకి లేస్తుంది, వాగు గట్టు దగ్గరికి పోయేసరికి గిరుక్కున తిరిగి నీ వైపే రావచ్చు. నీ వాసన పోయే దారి అదే. ఫోన్‌లో యాప్ వాయవ్య గాలి అని చెబుతుంది, నిజమే, కానీ అది ఊరి గాలి. నీ చెట్టు కింది గాలి ఆ యాప్‌కి తెలియదు. అరగంటకోసారి ఒక పోగు వదులుతూ ఉండు.

పొద్దున గాలి, సాయంత్రం గాలి ఒకటి కాదు. సూర్యుడు దిగాక చల్లబడిన గాలి బరువెక్కి నీళ్లలాగే పల్లానికి పారుతుంది, వాగు వెంట కిందికి. తెల్లవారి ఎండ తగిలి నేల వేడెక్కేదాకా అలాగే ఉంటుంది. ఆ తర్వాత తిరుగుతుంది, వాలు వెంట పైకి పాకుతుంది. తిరిగే ఆ కాసేపు గాలికి ఒక నిలకడ ఉండదు, ఎటైనా పోతుంది. మావాళ్లు ఆ టైములో గుంట దగ్గరికి అసలు పోనిచ్చేవారు కాదు. జింకలు పల్లంలో తిరిగే చోటు అయితే సాయంత్రం నువ్వు వాలు పైన కూర్చుంటే, గాలి పడిపోగానే నీ వాసనంతా జారిపోయి వాటి కాళ్ల దగ్గరికి చేరుతుంది. మీ పెద్దాయన పొలం చదునుగా ఉందంటావా, ఎంత చదునైనా ఒక పల్లం ఉంటుంది. అది ఎక్కడుందో ముందే నడిచి చూడు.

(గాలి అనగానే గుర్తొచ్చింది. 2024 ఆగస్టు 31న మన తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో ఒక్కపూట గాలికి వేల చెట్లు నేలకూలాయి. వేళ్లతో సహా పెకిలించింది. నేను సెంటు ఆఫీసరుతో కూర్చున్న నల్లమద్ది ఉందో పోయిందో చూడటానికి ఇంతవరకూ పోలేదు. కాళ్లు రావట్లేదు.)

ఇక నీ స్ప్రేల సంగతి. పూర్తిగా పనికిరావు అనను. గాలి కొంచెం అటూ ఇటూ అయినప్పుడు వాసన తక్కువ ఉంటే జింక అనుమానపడటానికి ఒక నిమిషం ఎక్కువ పడుతుందేమో. కానీ సూటు మాత్రం కొనకు. బొగ్గు వాసనను పట్టుకునే మాట నిజమే, అయితే అది నిండిపోయాక మళ్లీ ఖాళీ చేయాలంటే వందల డిగ్రీల వేడి కావాలి, మీ ఇంట్లో బట్టలారబెట్టే మిషన్‌లో వచ్చేది కాదు. 2002లో అమెరికాలోనే అచ్చైన ఒక పరిశోధనలో అలాంటి సూట్లు తొడిగిన మనుషులను దాచిపెట్టి వెతికే కుక్కలను వదిలితే, దాదాపు అందరినీ పట్టేశాయి. జింక ముక్కు కుక్క ముక్కుకి పెద్దగా తీసిపోదు. పైన్ ఆకు వాసన, మట్టి వాసన అని సీసాల్లో అమ్మేది పూసుకుని నీ వాసన కప్పేయొచ్చనుకోకు. పప్పుచారులో ఇంగువ వేస్తే పప్పు వాసన పోతుందా? రెండూ వస్తాయి. జింకకీ అంతే, పైన్ చెట్టు పక్కన మనిషి ఉన్నాడని తెలుస్తుంది.

డబ్బులు అక్కర్లేని పనులు కొన్ని చెయ్యి. వేటకు వేసుకునే జాకెట్ వంటింటి పక్కన తగిలించకు. మీ అపార్ట్‌మెంట్‌లో తాలింపు వాసన నాలుగు రోజులు పోదని నువ్వే అన్నావు కదా. దాన్ని వాసన లేని సబ్బుతోనో, కాస్త వంట సోడాతోనో ఉతికి, ఆరుబయట ఆరేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకుని పోయి అక్కడే వేసుకో. తెలుపు మెరిసేలా చేసే సర్ఫు వద్దు, వాసన కోసమే కాదు, అది బట్టను నీలిగా మెరిపిస్తుంది. జింకకు నారింజ రంగు సరిగ్గా ఆనదు కానీ నీలం మనకంటే బాగా తెలుస్తుంది. అందుకే చట్టం ప్రకారం వేసుకోవాల్సిన ఆ నారింజ చొక్కా గురించి టెన్షన్ పడకు, మిగతా వేటగాళ్లకు నువ్వు కనపడటం ముఖ్యం. దారిలో పెట్రోలు కొట్టించిన చేతులతో కొమ్మలు పట్టుకోకు. తలనొప్పి బామ్ రాసుకోకు. నేల మీద వాసన తక్కువ అంటుకోవాలంటే రబ్బరు బూట్లు మేలు. ఎక్కువ బట్టలు వేసుకుని చెమట కారేలా నడవకు, చెట్టు దగ్గరికి పోయాకే మిగతావి తొడుక్కో.

ఆడజింక మూత్రం అని సీసాల్లో అమ్ముతారట కదా, దాని జోలికి పోవద్దు. జింకల మెదడును తినేసే జబ్బొకటి మీ విస్కాన్సిన్‌లో 2002 నుంచీ ఉంది. అది మూత్రంలో, లాలాజలంలో కూడా బయటికి వస్తుంది. అందుకే కొన్ని రాష్ట్రాల్లో ఆ సీసాలను ఆపేశారు. నువ్వు ఉన్నచోట రూల్ ఏమిటో మీ పెద్దాయన్ని అడుగు. కొట్టిన జింకను పరీక్ష చేయించకుండా మాంసం ఇంటికి తేకు.

మనిషి వాసన వస్తే చాలు జింక పారిపోతుందనేది కూడా పూర్తి నిజం కాదు. మా బేస్ క్యాంపు దగ్గర వాచర్లు రోజూ అన్నం వండుకుంటారు, బట్టలు ఉతుక్కుంటారు, పొగ పెడతారు. చుక్కల దుప్పులు అక్కడికి ముప్పై అడుగుల దూరంలో ఇప్పపూలు ఏరుకుని తింటాయి. అక్కడ మనిషి ఉంటాడని వాటికి తెలుసు. అదే మనిషి రెండు కిలోమీటర్లు లోపలికి పోయి పొద వెనక కూర్చుంటే ఒక్క ఊపిరికే లేచిపోతాయి. మీ పెద్దాయన రోజూ ట్రాక్టర్ నడిపే దారిన పోతే నీ వాసన వాటికి మామూలే. అవి పడుకునే పొదల మీదుగా పోయావో, ఆ చోటు ఆ వారానికి పోయినట్టే. అందుకే కూర్చునే చోటు కంటే అక్కడికి పోయే దారి గురించి ఎక్కువ ఆలోచించు, ఆ దారి వెంట గాలి ఎటు పోతుందో కూడా చూడు. చోటు రెండు పెట్టుకో, ఒకటి ఉత్తరపు గాలికి, ఒకటి దక్షిణపు గాలికి. ఆరోజు గాలి రెంటికీ కుదరకపోతే ఇంట్లో ఉండు, లేదా మీ పెద్దాయనతో కూర్చుని కాఫీ తాగు. మావాడొకడు గాలి తప్పినా సరే చూద్దాంలే అని రోజూ అదే మంచె ఎక్కేవాడు, నాలుగో రోజుకి ఆ గుంటకి కణుజులు రావడమే మానేశాయి.

మంచె అంటే మీది నిచ్చెన ఉన్న స్టాండ్ కదా. ఎత్తులో ఉంటే వాసన వాటి తల మీదుగా పోతుందంటారు. కొంత దూరం దాకా నిజమే, ఆ తర్వాత కిందికి దిగుతుంది. దూది వదిలితే ఎక్కడ దిగుతుందో కనపడుతుంది. బెల్టు మాత్రం నేల మీద కాలు ఎత్తినప్పటి నుంచి మళ్లీ నేల మీద పెట్టేదాకా తగిలించుకునే ఉండు. తుపాకీ ఎక్కేటప్పుడు చేతిలో వద్దు, ఖాళీ చేసి తాడుతో పైకి లాక్కో. ఈ రెండు మాటలు వినకపోతే మాత్రం మీ అమ్మకి నేనే ఫోన్ చేస్తా.

దూది ఇక్కడి నుంచి పంపుదామనుకున్నా. మీ అమ్మ సకినాలు పార్సిల్ చేస్తోంది, అందులో ఒక కవరు పెడితే సరిపోతుందని మన చెరువుగట్టున నాలుగు కాయలు కోసుకొచ్చా కూడా. గింజ ఒక్కటి కనపడినా అక్కడ కస్టమ్స్‌లో ఆపుతారని మీ బావ అన్నాడు. సకినాలు పోతాయన్న భయంతో తీసేశా. నువ్వే అక్కడ మిల్క్‌వీడ్ కాయలు వెతుక్కో, వానకు తడిసి నల్లబడకముందే ఏరుకుని ఒక చిన్న సీసాలో పెట్టుకో. ఈ శని ఆదివారాల్లో ఒకసారి తుపాకీ లేకుండా పోయి, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా ఆ స్టాండ్ మీద ఊరికే కూర్చో. పోగు ఎన్నింటికి ఎటు పోయిందో రాసి నాకు పంపు. చోటు మార్చాలా వద్దా అప్పుడు చెబుతా.

మీ మామ