గొర్లన్నీ ఒక్క తీరుగ ఎందుకు లేవు?

నల్లగొండ

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివిన. ‘ప్రకృతి మేలైనదాన్ని ఉంచి మిగతాదాన్ని తుడిచేస్తుంది’ అని మొదలుపెట్టి అక్కడే ఆపినవు. అదే నిజమైతే ఇన్ని తరాలకు అడవి జంతువులన్నీ ఒక్క తీరుగనే ఉండాలె కదా? ఈ ప్రశ్నతోనే మళ్లీ మొదలుపెట్టు.

ఉదాహరణలు పోగెయ్యకు, ఒక్కటి గట్టిగ పట్టుకో. పాలమూరు, నల్లగొండ పాఠకులకు గొర్రె బాగా తెలుసు. స్కాట్లండ్ పక్కన హిర్టా దీవిలోని సోయ్ గొర్లను తీసుకో. మన మందల్లో విత్తనపు పొట్టేలును కాపరే ఎంచుతడు. అది ప్రకృతి వరణం (మనిషి ఎంపిక లేకుండ, బతికి ఎక్కువ పిల్లల్ని కన్నవాటి లక్షణాలే తరతరాలకు పెరగడం) కాదని ముందే చెప్పు. హిర్టాలో కాపరి లేడు. 1985 నుంచి అక్కడి గొర్ల పుట్టుక, చావు, సంతానం లెక్క రాస్తున్నరు.

కొమ్ముల సైజును ఎక్కువగా నడిపే జన్యువు ఆర్ఎక్స్ఎఫ్‌పీ2. దానికి రెండు రూపాలు. తల్లి నుంచీ తండ్రి నుంచీ పెద్దకొమ్ముల రూపమే వచ్చిన పొట్టేలుకు పిల్లలు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. రెండూ చిన్నకొమ్ములవైతే ఆయుష్షు ఎక్కువ, పిల్లలు తక్కువ. ఒక్కొక్కటి వచ్చిన మిశ్రమానికి దాదాపు రెండు లాభాలూ. ఇది 2013లో తేలింది.

‘మరి మిశ్రమాలే మిగలాలె కదా’ అని పాఠకుడు అడుగుతడు. లెక్క చూపించు. మిశ్రమం మిశ్రమంతో దాటితే సగటున 100 పిల్లల్లో 50 మిశ్రమాలు, 25 పెద్దకొమ్ములవి, 25 చిన్నకొమ్ములవి. గెలిచే జన్యు రూపాల జత ప్రతి ఈతకూ విడిపోతది. అందుకే రెండు రూపాలూ మందలో నిలుస్తయి.

అంతటా ఇదే కారణమని మాత్రం రాయకు. పసిఫిక్ సముద్రంలోని గాలపాగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నీ మేజర్‌లో 1977 కరువుకు పెద్ద గట్టి గింజలు మిగిలి, పెద్ద ముక్కు ఫించ్ పిట్టలు ఎక్కువ బతికినయి. 1983 భారీ వానల తర్వాత చిన్న గింజలు పెరిగి చిన్న ముక్కులకు కలిసొచ్చింది. కరువు ఎరిగిన పాలమూరోళ్లకు ఇది చప్పున అర్థమైతది. అయితే ఇట్ల దిశ మారితే వైవిధ్యం తరగడం నెమ్మదిస్తదను, శాశ్వతంగా నిలుస్తదనకు.

చెడు రూపం దాక్కునే తీరు నీ వ్యాసంలో అసలే లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులుంటేనే హాని చేసే రూపం మందలోని ఆ జన్యువు ప్రతుల్లో నూటికి ఒకటి ఉందనుకో. 10,000 జంతువుల్లో అది బయటపడేది ఒక్కదాంట్లో, లోపల మోసేవి 198. ఆ 198 మీద వరణం చెయ్యి పడదు.

‘ప్రకృతి కోరుకుంది’ అని రాసిన చోటల్లా కొట్టేసి, ఏవి చచ్చినయి, వేటికి ఎన్ని పిల్లలు పుట్టినయి అని రాయి. రాసి మళ్లీ పంపు.

నీ అన్న