చరిత్ర రచన వృత్తిగా నిలుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి నర్సీపట్నంలో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. అల్లూరి సీతారామరాజు నడిపిన మన్యం తిరుగుబాటు మీద పుస్తకం రాస్తానని, చరిత్ర రచననే వృత్తిగా చేసుకుంటానని అంటోంది. మేము బీఈడీ చేయమంటున్నాం. ఈ రంగంలో బతుకుతెరువు ఉంటుందా? ఏం చదవాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందుగా బతుకుతెరువు సంగతి చెబుతాను. తెలుగులో చరిత్ర పుస్తకాల మీద వచ్చే రాయల్టీతోనే ఇల్లు గడుపుకోగలిగినవారు అరుదు. కాబట్టి బీఈడీ చేయమనడంలో తప్పు లేదు. అయితే ఆమె కోరికను మాన్పించే మార్గంగా కాకుండా, ఆమె పరిశోధనకు ఆసరాగా ఆ చదువును చూడమని నా మనవి.

ఈ వృత్తిలో రాయడం చివరి అంచె. మీ అమ్మాయి ఎంచుకున్న విషయాన్నే తీసుకుంటే, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయని అందరికీ తెలుసు. మన్యం ప్రజలు అంతదాకా ఎందుకు వచ్చారో చెప్పాలంటే మాత్రం, 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత పోడు సాగు మీద పెరిగిన ఆంక్షలను, గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ రోడ్డు పనుల్లో కూలీలను పెట్టిన బాధలను, వాటిపై వచ్చిన ఫిర్యాదులను ఓపికగా చదవాలి. అప్పట్లో ఆ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోది కనుక, ఆ ప్రభుత్వ ఫైళ్ల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) డిజిటైజ్ చేసిన ఫైళ్లను ‘అభిలేఖ్ పటల్’ వెబ్‌సైటులో ఇంటి నుంచే వెతకవచ్చు.

ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగని చోటే రచయిత నిజాయితీ తేలుతుంది. 1924 మే 7న కొయ్యూరులో రాజు పారిపోబోతుండగా కాల్చామని అధికారులు చెప్పారు. చెట్టుకు కట్టి కాల్చారని జనం చెప్పుకున్నారు. ఏ మాట ఎవరు, ఎప్పుడు, ఏ అవసరం కొద్దీ అన్నారో పరిశీలించి, రెండింటినీ పాఠకుడి ముందు ఉంచి, తాను దేనిని ఎందుకు నమ్ముతున్నదీ రచయిత చెప్పాలి. ఆ చివరి క్షణాల్లో రాజు పలికాడంటూ తనకు తోచిన సంభాషణ చేర్చితే పుస్తకం రక్తి కట్టవచ్చు గానీ, అది నవల అవుతుంది. (నవల తక్కువదని నా ఉద్దేశం కాదు, పాఠకుడికి ఇస్తున్నదేమిటో చెప్పి ఇవ్వాలి.)

చదువు విషయానికి వస్తే, చరిత్రలో ఎంఏ మంచి పునాది. నాటి ఫైళ్లు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి, కొన్ని చేతిరాతలో ఉంటాయి కాబట్టి వాటిని తడబడకుండా చదవగలగాలి. రేపు నిజాం కాలం మీదికి మనసు పోతే ఉర్దూ, ఇంకా వెనక్కి వెళితే పారశీకం తప్పవు. జాతీయ అభిలేఖాగారానికి చెందిన స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఏడాది డిప్లొమా నిర్వహిస్తుంది. రికార్డుల మధ్య ఉద్యోగం చేస్తూ రాసుకోవాలనుకునేవారికి నేను మొదట సూచించేది అదే. బోధన, పత్రికలు, ప్రచురణ సంస్థల్లో సంపాదకత్వం, డాక్యుమెంటరీలకు పరిశోధన వంటి పనులూ ఉన్నాయి. న్యూ ఇండియా ఫౌండేషన్ పుస్తక ఫెలోషిప్ స్వతంత్ర భారత చరిత్రకు ఉద్దేశించింది కాబట్టి, ఈ విషయానికి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడే పెద్ద పుస్తకానికి పూనుకోవద్దని అమ్మాయికి చెప్పండి. ఆ మూడు రోజుల దాడుల మీదే ఒక వ్యాసం రాయమనండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన పాత పత్రికల్లో 1922 నాటి ‘ఆంధ్రపత్రిక’, ‘కృష్ణాపత్రిక’ సంచికలు ఏవేవి దొరుకుతాయో వెతికి, అవి ఆ వార్తను ఎలా ఇచ్చాయో పోల్చుకోవాలి. చింతపల్లి, కొయ్యూరు ప్రాంతాలు మీకు దగ్గరే కనుక, తాతల నుంచి విన్న సంగతులు చెప్పే పెద్దల మాటలను వారి అనుమతితో రికార్డు చేసి, చెప్పినవారి పేరు, ఊరు, తేదీ అప్పటికప్పుడే రాసిపెట్టుకోవాలి. పాత ఉత్తరాలు, రచనలు యథాతథంగా వాడుకునే ముందు, కాపీరైటు రచయిత మరణించిన తరువాత కూడా 60 ఏళ్లు ఉంటుందని గుర్తుంచుకోవాలి. చెన్నై ప్రయాణం పెట్టుకునే ముందు ఆర్కైవ్స్ వారి ప్రవేశ నిబంధనలు కనుక్కుని, కళాశాల చరిత్ర శాఖాధిపతి నుంచి పరిచయ లేఖ తీసుకుని, కావలసిన శాఖలు, సంవత్సరాల జాబితా ముందే తయారు చేసుకుంటే అక్కడ గడిపే రోజులు వృథా కావు.