మేడ మీద తోట: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడ మీద గ్రో బ్యాగుల్లో తేజ మిరప వేశాను. ఏపుగా ఎదిగాక చిగుళ్లు ముడుచుకుపోతున్నాయి, పూత రాలుతోంది. ఒకరు పుల్లమజ్జిగ కొట్టమన్నారు, ఒకరు ఇంగువ నీళ్లు, ఇంకొకరు వెల్లుల్లి కషాయం. ఒకే వారంలో మూడూ కొట్టాను, తగ్గలేదు. రోజూ వాటిని చూస్తే టెన్షన్. మొక్కలు పీకేయమంటారా?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అప్పుడే పీకేయకండమ్మా. ఆకు ఎటు ముడుచుకుందో మీరు రాయలేదు. ఏ మందు కొట్టాలో తేలేది దాన్ని బట్టే. అంచులు పైకి లేచి ఆకు దొన్నెలా అయితే పైముడత, అది తామర పురుగుల (ఆకు రసం పీల్చే సన్నటి పురుగులు, త్రిప్స్ అంటారు) పని. అంచులు కిందికి వంగి, ఆకు సన్నబడి, కాడ పొడుగ్గా సాగితే కింది ముడత, అది నల్లి పని (మంచంలో నల్లి కాదు, ఆకు రసం పీల్చే అతి చిన్న పురుగు). ఆకులు చిన్నవై పసుపు తిరిగి, మొక్క గిడసబారి గుబురుగా కనిపిస్తే బొబ్బర తెగులు. అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మందు లేదు, ఆ ఒక్క మొక్కను మాత్రం పీకి సంచిలో కట్టి పారేయండి.

పురుగే కనబడలేదంటారేమో! చిగురు కింద తెల్ల కాగితం పట్టి కొమ్మను తట్టండి, రెండు మూడు పూలు కూడా విదిలించండి. సన్నటి గీతల్లాంటివి పాకుతుంటే తామర పురుగులే. 2021-22లో మన మిరప రైతుల్ని ముంచిన నల్ల తామర పురుగు పూలలోనే దాక్కుంటుంది, పూత రాలడానికి అదీ ఒక కారణం. నల్లి మాత్రం భూతద్దం లేకుండా కనబడదు.

తామర పురుగులైతే నీలిరంగు జిగురు అట్టలు కట్టండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, సాయంత్రం పూట ఆకుల అడుగున, చిగుళ్లలో తడిసేలా కొట్టండి. వారానికోసారి. నల్లి అయితే నీటిలో కరిగే గంధకం పొడి, లీటరుకు 3 గ్రాములు. వేపనూనె కొట్టాక కనీసం రెండు వారాలు ఆగి గంధకం కొట్టాలి, లేదంటే ఆకు మాడుతుంది. మండుటెండలో అసలే వద్దు. పుల్లమజ్జిగను నేను తప్పుపట్టను గానీ, మూడూ ఒకేసారి కొడితే దేనికి తగ్గిందో, దేనికి ముదిరిందో ఎలా తెలుస్తుంది?

ఎండలు 35 డిగ్రీలు దాటితే పురుగు లేకపోయినా పూత నిలవదు. మేడ మీద గచ్చు వేడి దానికి తోడు. మధ్యాహ్నం షేడ్ నెట్ నీడ ఇవ్వండి. యూరియా వేస్తుంటే ఆపండి, ఆకు పెరుగుతుంది గానీ కాయ రాదు.

ప్రశ్న: పచ్చిమిరప పక్కనే బజ్జీ మిరప పెట్టాను. ఈసారి కాయలో కారమే లేదు. పక్క మొక్క వల్లేనా?
- ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: పాపం, బజ్జీ మిరప మీద నింద వేయకండి! పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చినా ఈ కాయ కండ తల్లి మొక్కదే. కారం ఉండేది లోపల గింజలను పట్టుకున్న తెల్లటి పొరలో, దాని మీద పక్క మొక్క ప్రభావం ఉండదు. మీ కాయకు కారం తగ్గిందంటే రకం అలాంటిదై ఉండాలి, లేదా నీళ్లు ఎక్కువ పోస్తున్నారు, లేదా లేతగానే కోస్తున్నారు. వరంగల్ చపాటా లాంటివి రంగుకే తప్ప కారానికి కావు. నారు కొన్న చోట రకం పేరు అడిగారా?

పక్క మొక్కతో చిక్కొచ్చేది గింజ దాచుకుంటేనే. తేనెటీగలు రెండింటి మీదా వాలతాయి కాబట్టి వచ్చే ఏడు ఆ గింజతో మొలిచే మొక్క ఎటూ కాకుండా పోవచ్చు. గింజకు ఉంచాలనుకున్న కొమ్మకు మొగ్గలు విచ్చకముందే పల్చటి గుడ్డ సంచి తొడగండి, పిందె పడ్డాక తీసి ఆ కాయలకు దారం కట్టి గుర్తు పెట్టుకోండి. కాయ చెట్టు మీదే బాగా ఎర్రగా పండాక కోసి, నీడలో ఆరబెట్టి గింజ తీయండి. ఆ పని చేసేటప్పుడు చేతులకు నూనె రాసుకోండి, సబ్బుతో కడిగేదాకా కళ్ల జోలికి పోకండి.