15, 20 ఏళ్ల బర్బన్‌కి అంత డబ్బు పెట్టాలా?

ఎక్కువ ఏళ్లు పీపాలో ఉన్న బర్బన్ (ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ) ఖరీదెక్కువ, మరి రుచి కూడా అంతే ఎక్కువా అంటే, చాలాసార్లు కాదనే చెప్తాను. స్కాచ్ లెక్క ఇక్కడ పనికిరాదు. స్కాట్లాండ్‌లో చల్లటి వాతావరణం, ఎక్కువగా అప్పటికే వాడిన పీపాలు, కాబట్టి 18 ఏళ్లయినా నిదానంగానే పండుతుంది. బర్బన్‌ని మాత్రం అమెరికా చట్టం ప్రకారం లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే పెట్టాలి, పైగా బర్బన్ ఎక్కువగా తయారయ్యే కెంటకీ రాష్ట్రంలో ఎండాకాలం వేడికి మందు చెక్కలోకి ఇంకుతూ బయటికొస్తూ రంగు, వెనిలా, కారమెల్ రుచులు త్వరగా లాగేసుకుంటుంది, మరీ ఎక్కువ కాలం ఉంచితే చెక్క వగరు, చేదు మిగతా రుచులన్నిటినీ మింగేస్తాయి.

మరి ఆ ధర ఎందుకు? ఏటా పీపాలోంచి కొంత ఆవిరైపోతుంది, 20 ఏళ్లకి సగానికి పైగా పోవచ్చు, మిగిలిన కొద్దిపాటికి జనం ఎగబడతారు. పాపీ వాన్ వింకిల్ అనే పేరుమోసిన బర్బన్ సీసాకి బయట పలికే రేటులో పెద్ద వాటా ఈ కొరతదే.

నేనైతే 8 నుంచి 12 ఏళ్ల మధ్యే చూస్తాను, నాబ్ క్రీక్ 9 ఏళ్లది, ఈగల్ రేర్ 10 ఏళ్లది లాంటివి. అన్నట్టు, లేబుల్ మీద ఉండే వయసు అందులో కలిపిన వాటిలో అన్నిటికంటే చిన్నదానిది. 15 దాటినది కొనాలని బాగా ఉంటే ముందు బార్‌లో ఒక పెగ్గు తాగి చూడండి, ఆ చెక్క ఘాటు నచ్చితేనే సీసా తీసుకోండి.